సగం గోడ మాదే అన్నప్పుడు: తెనాలిలో ఒక జాయింటు గోడ కేసు

తెనాలి పాత వీధుల్లో ఇళ్ళు చాలావరకు పంపకాల్లో రెండైనవే. పెద్దాయన ఒక్క ఇల్లు కడతాడు. ఇద్దరు కొడుకులు వేరుపడతారు. హద్దుల్లో "పడమర: జాయింటు గోడ" అని ఒక్క మాట రాసి దస్తావేజు ముగిస్తారు. రెండు వాటాలూ అలాగే ఉన్నంత కాలం ఆ మాట ఎవరికీ అడ్డు రాదు. ఒక వాటావాళ్ళు పాతది పడగొట్టి కొత్తది కట్టుకుందామనుకున్నప్పుడు ఆ గోడ ఎవరిది, ఎంతవరకు ఎవరిది అన్న ప్రశ్న మొదలవుతుంది. పాత కట్టడాల మరమ్మతులు చూసే ఇంజనీరుగా నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఇవి బాగా ఎక్కువ. వాటిలో ఒకటి వివరంగా రాస్తున్నాను. మనుషుల పేర్లు, వీధి పేరు ఇవ్వడం లేదు.

తూర్పు వాటాలో డెబ్భై దాటిన ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటున్నారు. కొడుకు బెంగళూరులో ఉంటాడు. పడమటి వాటా మా క్లయింటుది. వరసకు ఆవిడ అతనికి పెద్దమ్మ. అతను హైదరాబాదులో ఉద్యోగం, తల్లిదండ్రుల కోసం పాత వాటా తీసేసి గ్రౌండ్ ప్లస్ వన్ కట్టాలని ప్లాన్ గీయించుకున్నాడు. వాటా వెడల్పు 22 అడుగులు. అంత సన్నటి స్థలంలో ప్రతి అంగుళానికీ విలువ ఉంటుంది కాబట్టి అతను అడిగిన మొదటి మాట నాకు వింతగా అనిపించలేదు.

"సార్, గోడ పద్దెనిమిది అంగుళాలు. అందులో తొమ్మిది మావి. మా తొమ్మిది మేం తీసేసుకుంటే పెద్దమ్మకు నష్టమేంటి? ఆవిడ తొమ్మిది ఆవిడకు ఉంటుందిగా."

ఈ మాట ఇంచుమించు ప్రతి జాయింటు గోడ కేసులోనూ వస్తుంది. కాంట్రాక్టర్లు కూడా కట్టర్ పెట్టి నిలువునా చీల్చేస్తామని ధైర్యంగా చెబుతారు. కాగితం మీద గోడను రెండుగా గీయొచ్చు. కట్టడంలో అది కుదరదు. పాతకాలపు పద్దెనిమిది అంగుళాల గోడకు రెండు ముఖాలుంటాయి. వాటిని అక్కడక్కడా అడ్డంగా పెట్టిన ఇటుకలు కలిపి పట్టుకుంటాయి. మధ్యలో ఇటుక ముక్కలు, సున్నం పోసి నింపుతారు. నిలువునా చీలిస్తే ఆ అడ్డ ఇటుకలన్నీ తెగిపోతాయి. మిగిలేది తొమ్మిది అంగుళాల గోడ కూడా కాదు. ఒక పక్క నాలుగున్నర అంగుళాల ముఖం, దాని వెనక అతుకు లేని పొడి నింపుడు. పదకొండు అడుగుల ఎత్తున, పైన మిద్దె బరువుతో, అది ఎన్నాళ్ళు నిలబడుతుందో ఎవరూ రాసి ఇవ్వలేరు.

ఈ విషయం అతనికి చెప్పి, ఇంకో ప్రశ్న వేశాను. అసలు ఆ గోడ ఇన్నాళ్ళూ దేని మీద ఆధారపడి నిలబడి ఉందో తెలుసా అని. గోడ తన బలంతో తానే నిలబడుతుందని అందరూ అనుకుంటారు. ఈ గోడ 42 అడుగుల పొడవు. తూర్పు వైపు దానికి రెండు అడ్డగోడలు తగిలి ఉన్నాయి. పడమటి వైపు, అంటే క్లయింటు వైపు, ఒక్క అడ్డగోడ, పైన మిద్దె. ఆ మిద్దె దూలాలు ఇటు నుంచి, ఆవిడ మిద్దె దూలాలు అటు నుంచి గోడను పట్టుకుని ఉన్నాయి. పడమటి ఇల్లు మొత్తం తీసేస్తే ఒక వైపు ఆసరా పూర్తిగా పోతుంది. జాయింటు గోడలో నేను ముందు లెక్కగట్టేది దాని మందం కాదు, దానికి ఆనుకుని ఉన్నవేమిటి, వాటిలో రేపు ఏవి ఉండవు అన్నది. తర్వాతి పనంతా ఆ లెక్క మీదే నడిచింది.

పరిశీలనలో తేలినవి

రెండు వైపులా గోడను తూకపు గుండుతో చూశాం. మధ్య భాగంలో, రెండు అడ్డగోడల నడుమ ఉన్న పద్నాలుగు అడుగుల మేర, గోడ పడమటి వైపుకు అంగుళంపావు ఉబ్బి ఉంది. చెక్క సుత్తితో తట్టుకుంటూ పోతే ఆ ఉబ్బు దగ్గరే డొల్ల శబ్దం. అంటే రెండు ముఖాలూ విడిపోవడం మొదలైంది. పెచ్చులు తీసి చూస్తే అడ్డ ఇటుకలు చాలా దూరదూరంగా ఉన్నాయి. బయటికి కనిపించని లోపలి గోడే కదా అని అప్పటి మేస్త్రీ తేలిగ్గా కానిచ్చేశాడేమో.

ఆవిడ వైపు కింది భాగమంతా చెమ్మ. అయిదారడుగుల ఎత్తు దాకా ఉప్పు పొంగి, రంగు పొడిపొడిగా రాలుతోంది. కొన్నేళ్ళ కిందట చెమ్మ ఆపడానికని నాలుగడుగుల ఎత్తు దాకా సిమెంటు పూత వేయించారట. చెమ్మ ఆ పూత పై అంచు దాటి పైకి వచ్చింది. ఇది ఊరూరా కనిపించే సంగతి. సున్నంతో కట్టిన గోడ దీపపు వత్తి నూనె పీల్చినట్టు నేలలో తడిని పైకి పీలుస్తుంది, పీల్చినదాన్ని ముఖం మీంచి గాలికి వదిలేస్తుంది. ఆ ముఖాన్ని సిమెంటుతో మూసేస్తే తడి పోయే దారి లేక ఇంకా పైకి ఎక్కుతుంది, తనతో ఉప్పునూ తీసుకెళ్తుంది. కెమికల్ కంపెనీ ప్రతినిధి ఒకరు అప్పటికే వచ్చి, గోడకు రంధ్రాలు వేసి మందు ఎక్కిస్తే చెమ్మ ఆగిపోతుందని ఆవిడకు చెప్పి వెళ్ళారు. నిండుగా కట్టిన తొమ్మిది అంగుళాల గోడలో అది కొంత పనిచేస్తుంది. లోపల ఇటుక ముక్కల నింపుడున్న గోడలో మందు ఎటు పోతుందో చెప్పలేం. నేను వద్దన్నాను.

అసలు నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయన్నది వేరే సంగతి. గోడ పక్కనే ఆవిడ బాత్రూమ్, పంపకాల తర్వాత ఎప్పుడో కట్టుకున్నది. రంగు కలిపిన నీళ్ళు ఆ తూములో పోస్తే మర్నాటికి క్లయింటు వైపు గోడ అడుగున, పునాది రాళ్ళ సందుల్లోంచి ఊరాయి. నేలలోంచి ఎక్కే చెమ్మతో పాటు ఈ లీకు కూడా ఏళ్ళ తరబడి గోడను తడుపుతోంది. ఉబ్బు కూడా దాదాపు అక్కడే ఉండటం కాకతాళీయం కాదు.

పునాది దగ్గర ఒక గొయ్యి తవ్వి చూశాం. పాత పునాది మూడడుగులే. కింద నల్లరేగడి. తెనాలి డెల్టా ఊరు. కాలవలకు నీళ్ళు వదిలాక భూగర్భ జలం పైకి వస్తుంది, వేసవిలో కాలవలు కట్టేస్తే దిగిపోతుంది. ఆ ప్రకారం నల్లమట్టి ఉబ్బుతూ, కుంచించుకుపోతూ ఉంటుంది. గోడ రెండు వైపులా ఇళ్ళున్నంతకాలం పునాది కింద తేమ పెద్దగా మారదు. ఒక వైపు ఇల్లు తీసి, అక్కడ గుంతలు తవ్వి, వాన పడనిస్తే ఒక పక్క మట్టి తడిసి రెండో పక్క పొడిగా ఉంటుంది. పాత గోడలు బీటలు తీయడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

క్లయింటు దగ్గరున్న స్ట్రక్చరల్ డ్రాయింగులో గోడను ఆనుకునే స్తంభాలు, వాటికి ఆరున్నర అడుగుల లోతు ఫుటింగులు, అంటే స్తంభం కింద వేసే వెడల్పాటి కాంక్రీటు దిమ్మలు. పునాదులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1904 బంకమట్టి నేలల్లో పక్కపక్క పునాదుల గురించి స్పష్టంగా చెబుతుంది: పై పునాది కింది అంచు నుంచి కింది పునాది పై అంచుకు గీసిన గీత, రెండడుగులు పక్కకు జరిగితే ఒక్క అడుగు దిగేంత వాలు కంటే నిటారుగా ఉండకూడదు. కొత్త ఫుటింగు పై అంచు అయిదడుగుల్లో ఉంటుంది, పాత పునాది మూడడుగుల్లో ఉంది. తేడా రెండడుగులు. అంటే ఫుటింగు పాత పునాది అంచుకు కనీసం నాలుగడుగులు దూరంగా ఉండాలి. తవ్వకం గుంత అంచును కూడా లెక్కలోకి తీసుకుంటే ఇంకా ఎక్కువ. డ్రాయింగులో ఆ దూరం సున్నా. డ్రాయింగు వేసిన ఇంజనీరును తప్పు పట్టను. పక్కింటి పునాది లోతు అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

గోడలోంచి దూరిన దూలం

ఈ కేసులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది పునాది కాదు, ఒక దూలం. రెండు వాటాల్లోనూ మద్రాసు టెర్రస్ మిద్దె, అంటే చెక్క మీద ఇటుకలు సున్నంతో కూర్చి వేసిన పాతకాలపు కప్పు. దాని కింద మూడు వరసల టేకు దూలాలు. రెండు వైపులా కొలతలు తీస్తుంటే, మధ్య దూలం రెండు ఇళ్ళల్లోనూ ఒకే మట్టంలో, ఒకే వరసలో, అంచుకు ఒకే చెక్కడంతో ఉంది. మిగతా రెండు వరసల్లో అలా లేదు. అనుమానం వచ్చి గోడలో దూలం చుట్టూ ఇటుకలు రెండు మూడు తీసి చూస్తే చివర కనిపించలేదు. దూలం గోడలోంచి అవతలికి వెళ్ళిపోయింది. ఒక్క ఇల్లుగా ఉన్నప్పుడు రెండు గదుల మీదా పరిచిన ఒకే దూలం అది. దస్తావేజు ఇంటిని పంచింది గానీ ఆ దూలాన్ని పంచలేదు.

దీని అర్థమేమిటో క్లయింటుకు చెప్పడానికి కాగితం మీద గీసి చూపించాల్సి వచ్చింది. రెండు గదులూ దాదాపు సమాన వెడల్పు. మధ్యలో గోడ మీద ఆని రెండు వైపులా సాగిన దూలం ఒక వైపు బరువుతో రెండో వైపును బిగబట్టి ఉంచుతుంది. గోడ దగ్గర కోసేస్తే ఆ సాయం పోతుంది. ఆవిడ వైపు మిగిలిన ముక్క ఒంటరి దూలం అవుతుంది. అదే బరువుకు గది నడుమ దూలం మీద పడే వంపు ఒత్తిడి దాదాపు 1.8 రెట్లు, కిందికి సాగడం దాదాపు 2.4 రెట్లు అవుతుంది. దూలం విరగకపోవచ్చు. కానీ దాని మీదున్న సున్నపు మిద్దె అంత సాగును ఓర్చుకోలేదు. పైన బీటలు తీస్తుంది, తర్వాత వానకు కారుతుంది. పడగొట్టేవాళ్ళు రంపం పెట్టి కోసుకుపోయి ఉంటే, రెండు వానల తర్వాత "మా అబ్బాయి కొత్తిల్లు కట్టుకుంటే మా మిద్దె కారడం మొదలైంది" అని ఆవిడ అనేవారు, అది నిజమే అయ్యుండేది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇన్నాళ్ళూ రెండు వైపుల నుంచి వచ్చిన బరువు గోడ నడిమధ్యన పడినట్టే. ఇటు మిద్దె తీసేస్తే బరువంతా ఆవిడ వైపు ముఖం మీదే పడుతుంది. పైన పట్టుకుని ఉన్న గోడకు ఒక అంచున బరువు పడితే అది రెండో వైపుకు ఉబ్బుతుంది. మన గోడ అప్పటికే అటే ఉబ్బి ఉంది.

మాటలు, కాగితాలు

పెద్దమ్మగారికి ఇవన్నీ చెప్పడానికి కూర్చున్నాం. ఆవిడ నా లెక్కలు ఓపిగ్గా విన్నారు. చివర్న అబ్బాయి వైపు తిరిగి, "ఏరా, గోడని కూడా కోసి పంచుకోమని మీ తాత చెప్పాడట్రా?" అన్నారు. అతను నేల చూపులు చూశాడు. అక్కడితో "మా సగం" అన్న మాట మళ్ళీ రాలేదు. నా ఐఎస్ కోడు చేయలేని పని అది.

బెంగళూరు నుంచి ఆవిడ కొడుకు మాత్రం ఫోన్లో గట్టిగానే నిలబడ్డాడు. ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా కావాలన్నాడు. అడగాల్సిన మాటే. ఇంగ్లండ్, వేల్స్‌లలో దీనికోసం 1996లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. అక్కడ పక్కింటికి మూడు మీటర్ల లోపు, వాళ్ళ పునాది కంటే లోతుగా తవ్వాలంటే ముందే నోటీసు ఇవ్వాలి. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. పక్క ఆస్తి మీద ఉండే వాడుక హక్కుల గురించి 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఉంది. ఇరవై ఏళ్ళు అడ్డూ ఆటంకం లేకుండా పక్క ఆస్తి నుంచి పొందుతున్న ఆసరా హక్కుగా మారుతుందని దాని 15వ సెక్షన్ చెబుతుంది. కోర్టు మెట్లెక్కితే అదంతా వస్తుంది. మాకు కావాల్సింది అక్కడి దాకా పోకుండా చూసే కాగితం.

రెండు వైపుల న్యాయవాదులూ కూర్చుని స్టాంపు పేపరు మీద ఒప్పందం రాశారు. గోడ జాయింటు గోడగానే ఉంటుంది, క్లయింటు కొత్త ఇంటి బరువు ఏ రూపంలోనూ దాని మీద పెట్టడు, పని కోసం మా మనుషులు ఆవిడ ఇంట్లోకి వచ్చి పోవచ్చు, పని వల్ల ఆవిడ వైపు వచ్చే బీటలు, కారుడు క్లయింటు బాగు చేయించాలి. దీనికి ముందు రెండు వైపులా ప్రతి గదీ ఫొటోలు తీసి, ఉన్న బీటలన్నిటికీ నంబర్లు వేసి, ఆ ఆల్బమ్ మీద ఇద్దరి సంతకాలూ తీసుకున్నాం. ఈ పని ఎవరూ చేయరు. నా ఉద్దేశంలో ఒప్పందం కంటే ఇదే ముఖ్యం. పాత బీట ఏదో, కొత్త బీట ఏదో తేల్చలేకే సగం తగాదాలు పుడతాయి.

ఖర్చు ఇలా పంచుకున్నారు: బాత్రూమ్ తూము, పైపులు ఆవిడవి. గోడ కుట్టు (విడిపోతున్న రెండు ముఖాలనూ ఊచలతో కలిపి పట్టడం), లోపల సున్నం ఎక్కించడం చెరిసగం. ఇల్లు తీయడం వల్ల గోడకు కొత్తగా అవసరమైనవన్నీ, అంటే ఆసరాలు, పైన పట్టీ, వాన తగిలే ముఖానికి పూత, ఆవిడ దూలానికి ఇనుము, క్లయింటువి. అతని మామగారు దూలం ఖర్చు దగ్గర కాస్త గొణిగారు.

పని వరస

సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టి, కాలవలకు నీళ్ళొచ్చే లోపు, తొలకరి పడే లోపు గోడకు సంబంధించిన పనంతా అయిపోవాలన్నది నియమం. ముందు బాత్రూమ్ తూము మార్చి, గోడకు దూరంగా కొత్త లైను వేశాం. ఆవిడ వైపు సిమెంటు పూత మొత్తం చెక్కేసి, ఇటుకల సందుల్లో మెత్తబడిన సున్నం గీకి, గోడను అలా వదిలేశాం. ఉప్పు ఎక్కువగా ఉన్న చోట తడి కాగితపు గుజ్జు పూసి, ఎండాక తీసేస్తూ వచ్చాం. గుజ్జు ఎండేటప్పుడు ఉప్పును తనలోకి లాగుతుంది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, ఇంట్లో ఉండే మనిషికి చికాకు. గోడ ఆరడానికి వేసవి మొత్తం పడుతుందని ఆవిడకు ముందే చెప్పాం కాబట్టి సర్దుకున్నారు.

తర్వాత కుట్టు. డొల్ల ఉన్న భాగంలో ఒక వరస తప్పించి ఒక వరసగా, మూడడుగులకొకటి చొప్పున గోడ అవతలిదాకా రంధ్రాలు వేసి, రెండు చివరలా కొక్కెం తిప్పిన ఊచ పెట్టి కాంక్రీటు నింపాం. ఆ కాంక్రీటు గట్టిపడ్డాక, రెండు ముఖాల మధ్య ఖాళీల్లోకి పల్చటి సున్నపు మిశ్రమాన్ని కింది నుంచి పైకి, గరాటు ఎత్తు ఇచ్చే ఒత్తిడితోనే ఎక్కించాం. పంపు వాడలేదు. విడిపోయిన గోడలోకి పంపుతో ఎక్కిస్తే ముఖం బయటికి నెట్టుకుపోతుంది. ఈ పనికి సిమెంటు పాలు వాడదామని మేస్త్రీ అడిగాడు, త్వరగా గట్టిపడుతుందని. సున్నపు గోడ మధ్యలో సిమెంటు గడ్డలు కడితే మెత్తటి ఇటుకల నడుమ రాయి పెట్టినట్టే. వద్దన్నాను.

మిద్దె ముట్టుకోవడానికి ముందే క్లయింటు వైపు గోడకు ఏటవాలు పోట్లు పెట్టాం. గోడకు నిలువుగా పలక ఆనించి, దానికి ఇనుప గొట్టాలు ఏటవాలుగా తన్నిపెట్టి, కింద వెడల్పాటి చెక్క దిమ్మల మీద నిలబెట్టాం. నల్లరేగడి మీద నేరుగా పెడితే దిగబడతాయి. ఆవిడ హాల్లో మధ్య దూలం కింద ఇనుప జాకీలు. ఆవిడ వైపు దూలానికి రెండు పక్కలా ఇనుప చానెళ్ళు పెట్టి, దూలంతో కలిపి బోల్టులు బిగించాం. హాల్లో స్తంభం ఒకటి పెడితే చాలా చవకగా అయిపోయేది. "పెళ్ళికి హాలు అడ్డం, చావుకి హాలు అడ్డం, స్తంభం నాకొద్దు" అన్నారావిడ. చానెళ్ళ చివరలు ఆని ఉండటానికి గోడలో కాంక్రీటు బెడ్ బ్లాక్ పోశాం. దాన్ని గోడ మందం మధ్య దాకా లోపలికి జరిపాం, బరువు అంచున కాకుండా నడుమకు దగ్గరగా పడేలా. అది గట్టిపడ్డాకే చేతి రంపంతో దూలం కోయించాను. కోసిన క్షణంలో ఏదో అవుతుందని అందరికీ టెన్షన్. చిన్న కిర్రుమన్న శబ్దం తప్ప ఏమీ రాలేదు. జాకీలు వెంటనే తీయలేదు, కొద్ది రోజులు ఉంచి నెమ్మదిగా వదులు చేశాం.

మిగతా దూలాలను గోడలోంచి లాగొద్దని, గోడకు రెండంగుళాల ఇవతల కోయమని చెప్పాను. లాగితే చుట్టూ ఇటుకలు కదులుతాయి. మిగిలిన ముక్కలను తర్వాత ఉలితో కొద్దికొద్దిగా చెక్కి తీసి, ఆ గూళ్ళను ఇటుకా సున్నంతో పూడ్చాం. పడగొట్టడానికి జేసీబీ వద్దన్నది ఒప్పందంలోనే ఉంది. గోడకు ఆరడుగుల దూరంలోపు సమ్మెట కూడా వద్దన్నాం.

పైన రెండు మిద్దెల మధ్య ఉన్న పిట్టగోడను తీసేసి, దాని స్థానంలో గోడ పొడవునా ఆరంగుళాల మందం కాంక్రీటు పట్టీ పోశాం. దాని చివరలను, ఊచలను ఆవిడ అడ్డగోడల మీదికి నాలుగేసి అడుగులు తిప్పాం. పోట్లు తీసేశాక గోడను పక్కకు పడకుండా పట్టుకునేది ఇదే. కొత్త ఇంటికి కట్టేస్తే పోయేది కదా అని చాలామంది అడుగుతారు. కొత్తదీ పాతదీ ఒకేలా కదలవు, ఒకేలా దిగవు. కట్టేస్తే ఒకటి రెండోదాన్ని లాగుతుంది.

కొత్త పునాదికి అండర్ రీమ్డ్ పైల్స్ పెట్టాం, అంటే నేలలోకి రంధ్రం తొలిచి పోసే, అడుగున బల్బులా వెడల్పయ్యే కాంక్రీటు స్తంభాలు. నల్లరేగడి కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) తీర్చిదిద్దిన పద్ధతి, ఐఎస్ 2911 మూడో భాగంలో ఉంది. చేత్తో తిప్పి నేలను తొలిచే ఆగర్‌తో 300 మి.మీ. రంధ్రం, అడుగున 750 మి.మీ. బల్బు. పెద్ద గుంత తవ్వక్కర్లేదు, అదురు ఉండదు. పాత గోడ పక్కన ఇంతకంటే మర్యాదగా పునాది వేసే పద్ధతి నాకు తెలీదు. గోడకు రెండున్నర అడుగుల దూరంలో పైల్స్ వరస, నాలుగు మీటర్ల లోతు. కాలవలు కట్టేసిన సమయం కాబట్టి రంధ్రాల్లో నీరు పెద్దగా ఊరలేదు. పైల్స్ మీది బీమ్ కింద మట్టికి తగలకుండా మూడంగుళాల పైన ఖాళీ వదిలాం, మట్టి ఉబ్బినా బీమ్‌ను తన్నకుండా.

స్తంభాలు గోడకు దూరంగా వచ్చాయి కాబట్టి బీమ్‌లను గోడ వైపుకు బయటికి సాగదీసి, పాత గోడకు నాలుగంగుళాల దగ్గర కొత్త గోడ లేపాం. గదుల్లో స్తంభాలు ముందుకొచ్చాయని క్లయింటు మొహం ముడుచుకున్నాడు. అతని భార్య వచ్చి చూసి, స్తంభానికీ స్తంభానికీ మధ్య గోడంతా అల్మారాలు గీయించింది. తొమ్మిది అంగుళాలు పోయాయన్న మాట ఆ తర్వాత ఆ ఇంట్లో వినలేదు.

నాలుగంగుళాల సందు గురించి ఒక మాట. కొత్త గోడ లేచాక ఆ సందులోకి మనిషి దూరడు. కాబట్టి పాత గోడ పడమటి ముఖానికి పూత అంతకు ముందే అయిపోవాలి. ఏళ్ళ తరబడి ఇంటి లోపల ఉన్న ముఖం అది, వాన ఎప్పుడూ చూడలేదు. సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపిన పూత రెండు విడతలుగా వేసి, ఆరాకే కొత్త గోడ ఇటుకలు పేర్చనిచ్చాను. కాంట్రాక్టరుకు ఇది నచ్చలేదు, స్లాబు ఆలస్యమైందని. సందు పైన వాన పడకుండా రేకు కప్పాం. ఆ రేకు కొత్త ఇంటికే బిగించి ఉంటుంది, పాత గోడ మీద ఊరికే ఆని ఉంటుంది. ఇద్దరిలో ఎవరు కదిలినా అది చిరగదు. ముందూ వెనకా సందు చివరలకు ఎలుకలు దూరకుండా జాలీ.

వానల తర్వాత

బీటల మీద మొదట్లోనే సన్నటి గాజు పట్టీలు అతికించి తేదీలు రాసి ఉంచాం. బీట కదిలితే గాజు పగులుతుంది. మొదటి వానాకాలం గడిచాక చూస్తే ఒక్కటి పగిలింది, బాత్రూమ్ పక్క అడ్డగోడ కలిసే చోట. బీట వెడల్పు వెంట్రుకంత. పాత తూము కింద ఏళ్ళ తరబడి తడిసిన మట్టి ఇప్పుడు ఆరి కుంచించుకుపోవడం వల్ల అని నా అంచనా. కొత్త పట్టీ అతికించాం. మరుసటి ఏడాది అది పగల్లేదు. అప్పుడు బీటను సున్నంతో పూడ్చాం. హాల్లో దూలం నడుమ కొలత మారలేదు. ఆవిడ వైపు కింది భాగంలో చెమ్మ మోకాలెత్తుకు దిగింది. పూర్తిగా పోలేదు, పోతుందని మేమూ చెప్పలేదు. అడుగున తడి అడ్డుపొర లేని గోడ అది. సున్నపు పూత వేసి సున్నమే కొట్టించాం. ప్లాస్టిక్ రంగు వేయొద్దని చెప్పినా, బెంగళూరు అబ్బాయి పండక్కి వచ్చి ఒక గోడకు వేయించాడు. అది ఉబ్బి లేచాక మిగతా గోడల జోలికి పోలేదు.

ఒప్పందంలో చివర్న చేర్చిన ఒక షరతు మీద మాత్రం రెండు వైపులా చాలాసేపు వాదించుకున్నారు. రేపు తూర్పు వాటా కూడా పడగొడితే ఈ గోడ ఏమవుతుంది అన్నది. అప్పుడు గోడకు మోసే పనేమీ ఉండదు కాబట్టి మొత్తం తీసేసి, దస్తావేజు గీత ప్రకారం ఎవరి తొమ్మిది అంగుళాలు వాళ్ళు కలుపుకోవచ్చని రాసుకున్నారు. అయితే ఆ రోజు తవ్వేవాళ్ళకు క్లయింటు పైల్స్ ఎక్కడున్నాయో, బల్బులు ఎంత లోతులో ఉన్నాయో తెలియాలి. ఆ కొలతలతో ఒక డ్రాయింగు గీసి, ఇద్దరి సంతకాలతో ఒప్పందానికి జతచేశాం. ఒక ప్రతి పెద్దమ్మగారి ఇనప్పెట్టెలో, ఒకటి క్లయింటు దగ్గర, ఒకటి నా ఫైల్లో ఉన్నాయి.